గెడ్డ ఒడ్డున చట్టం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కాలుష్య నియంత్రణ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గాలి, నీరు, వ్యర్థాల కాలుష్యాన్ని అదుపు చేసే బాధ్యత ప్రధానంగా ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలిది. జనం నోట అది పీసీబీ. పార్లమెంటు 1974లో చేసిన జల కాలుష్య చట్టాన్ని రాష్ట్రం స్వీకరించాక 1976లో ఈ మండలి ఏర్పడింది. మొదట నీటి సంగతి మాత్రమే చూసేది. 1981లో వాయు కాలుష్య చట్టం రావడంతో పొగగొట్టాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. 1984లో భోపాల్ విషవాయు దుర్ఘటన జరిగాక, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ప్రమాదకర రసాయన వ్యర్థాలు, ఆస్పత్రి వ్యర్థాలు, ప్లాస్టిక్, ఊరి చెత్త గురించిన నిబంధనలన్నీ ఈ మూడో చట్టం నీడలో పుట్టినవే. చట్టాలు చేసింది కేంద్రం, నడిపించేది రాష్ట్రం. కేంద్రం పెట్టిన హద్దును రాష్ట్ర మండలి ఇంకా బిగించవచ్చు గాని సడలించడానికి వీల్లేదు.

ఆ బిగించే అధికారం ఈ ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో ఇక్కడి నేల తీరు చూస్తే అర్థమవుతుంది. ఒడిశా కొండల్లోనూ తూర్పు కనుమల్లోనూ పుట్టిన నదులు ఇక్కడ కొద్ది దూరం పారి సముద్రంలో కలిసిపోతాయి. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర, చంపావతి కోనాడ దగ్గర కడలి చేరతాయి. నదుల మధ్య గెడ్డలు అనే వాగులు ఎన్నో, తీరం వెంట తంపర అనే చిత్తడి భూములు, సోంపేట వైపు బీల అనే చిత్తడి నేల. వానాకాలం దాటితే గెడ్డలో పారే నీరు చాలా తక్కువ. అందులో పడ్డ మలినం పలచబడేలోపే వరిమడికో, చెరువుకో, ఉప్పుటేరుకో చేరుతుంది. గోదావరి వంటి మహానది ఒడ్డున సరిపోయే ప్రమాణం గెడ్డ ఒడ్డున చాలకపోవచ్చు. అందుకే చట్టం అందరికీ ఒకే కొలత ఇచ్చి ఊరుకోలేదు. పరిశ్రమ పరిశ్రమకూ వేరువేరు షరతులు రాసే పద్ధతి పెట్టింది.

ఆ షరతులు ఉండేది అనుమతి పత్రాల్లో. ఫ్యాక్టరీ కట్టడానికి ముందు స్థాపన అనుమతి, యంత్రాలు తిప్పడానికి ముందు నిర్వహణ అనుమతి తీసుకోవాలి. పరిశ్రమల వాళ్లు వీటిని సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అంటారు. రోజుకు ఎంత ఉత్పత్తి చేయవచ్చు, ఎన్ని కిలోలీటర్ల నీరు వాడవచ్చు, ఎంత వ్యర్థజలం వస్తుంది, దాన్ని ఎలా శుద్ధి చేయాలి, పొగగొట్టం ఎంత ఎత్తుండాలి, ఏ వ్యర్థాన్ని ఎక్కడికి పంపాలి అన్నవి అందులో అంకెలతో సహా ఉంటాయి. గడువు పెట్టిన అనుమతిని ఆ గడువు తీరేలోపు పునరుద్ధరించుకోవాలి. ఉత్పత్తి పెంచాలన్నా, కొత్త సరుకు చేయాలన్నా మళ్లీ అడగాలి. పరిశ్రమలను కాలుష్య తీవ్రతను బట్టి వంద మార్కుల లెక్కన ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వర్గాలుగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో విడదీసింది. అప్పటి లెక్కలో 60, అంతకు మించి మార్కులు వస్తే ఎరుపు. మందుల ముడిసరుకు తయారీ, చక్కెర, థర్మల్ విద్యుత్తు ఈ వర్గంలోవే. తెలుపు వర్గం సమాచారం ఇస్తే చాలు, అనుమతి అక్కర్లేదు.

పెద్ద ప్రాజెక్టులకు ఈ రెండు అనుమతులకన్నా ముందు దాటవలసిన గడప మరొకటి ఉంది. అది పర్యావరణ అనుమతి. 1994లో మొదలై 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటనతో ఇప్పటి రూపం తీసుకున్న ఈ పద్ధతిలో, ప్రాజెక్టు వల్ల నీటికీ గాలికీ జీవనోపాధికీ కలిగే నష్టాన్ని ముందే అంచనా వేసి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి, కలెక్టరు కార్యాలయంలోనూ జిల్లా పరిషత్తులోనూ పంచాయతీలోనూ జనానికి అందుబాటులో పెట్టాలి. కనీసం 30 రోజులు ముందుగా పత్రికల్లో ప్రకటించి, ప్రాజెక్టు స్థలం దగ్గరే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. జరిపేది పీసీబీ, అధ్యక్షత వహించేది కలెక్టరు లేదా ఆయన తరఫున అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి. మాట్లాడినదంతా వీడియో తీయాలి. సభ ముగిసేముందు, వచ్చిన అభ్యంతరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి.

ఈ గడప ఎంత విలువైనదో, దాన్ని సరిగా పాటించకపోతే ఏమవుతుందో సోంపేట చెబుతుంది. అక్కడి బీల భూముల్లో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం కోసం 2008లో ప్రభుత్వం దాదాపు 970 ఎకరాలు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించింది. కాగితం మీద అది పనికిరాని ప్రభుత్వ భూమి. చుట్టుపక్కల ఊళ్లకు అది చేపలు పట్టుకునే నీరు, పశువులు మేసే గడ్డి, పొలాలకు తడి. ప్రజాభిప్రాయ సేకరణలో స్థానికులు గట్టిగా వ్యతిరేకించినా 2009 డిసెంబరులో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. 2010 జూలై 14న నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. ఆ కాల్పుల వెంటనే, అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేస్తూ తీర్పు వెలువరించింది. బీల చిత్తడి నేల అన్న సంగతి మొదటి నివేదికలోనే నిజాయితీగా రాసి ఉంటే వ్యవహారం అంతదూరం వచ్చేదే కాదు. ఇద్దరి ప్రాణాలు పోయేదాకా రావడం క్షమించరానిది.

ఏడాది తిరగకముందే అదే కథ సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో నడిచింది. నౌపడ తంపరలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ సంస్థ మరో 2,640 మెగావాట్ల కేంద్రం తలపెట్టింది. ఏటా గూడకొంగలూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి గుడ్లు పొదిగే తేలినీలాపురం అక్కడికి దగ్గరే. 2011 ఫిబ్రవరి 28న ఇక్కడా కాల్పులు, మరణాలు. పనులు ఆపమని కేంద్ర పర్యావరణ శాఖ ఆదేశించింది. తరవాత షరతులతో పనులు సాగినా ఆ కేంద్రం పూర్తి కాలేదు. ఈ రెండు ఘటనల మధ్యే, 2010 అక్టోబరులో, పాత అప్పీలు సంస్థ స్థానంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చింది. చిత్తడి నేలల సంరక్షణకు విడిగా నిబంధనలు కూడా 2010లోనే వచ్చాయి. వాటిని 2017లో మార్చి రాశారు.

ప్రాజెక్టు కట్టకముందు ఆపగలిగితే వాదించవలసింది ఒక్కసారే. కట్టి నడిచాక ప్రతిరోజూ కొలవాలి. ఆ రోజువారీ కొలత ఎంత కష్టమో రణస్థలం మండలం పైడిభీమవరం పారిశ్రామికవాడ దగ్గర తెలుస్తుంది. జాతీయ రహదారి పక్కన, రెండు జిల్లాల సరిహద్దులో, మందుల కంపెనీలు వరసగా ఉన్నాయి. ఆ చుట్టుపక్కల పారే కందివలస గెడ్డ నీటి రంగు, వాసన గురించి పూసపాటిరేగ వైపు ఊళ్ల ఫిర్యాదులు ఎన్నో ఏళ్లుగా ఉన్నవే.

మందు తయారీలో వచ్చే వ్యర్థజలం అంతా ఒక్క రకం కాదు. రియాక్టర్ నుంచి నేరుగా వచ్చే నీటిలో ఉప్పులు, ద్రావకాలు విపరీతంగా ఉంటాయి. యంత్రాలు, నేల కడిగిన నీరు, కూలింగ్ టవర్ నీరు కొంత తేలిక. రెండింటినీ విడివిడి ట్యాంకుల్లోకి పట్టాలి. ఉప్పు ఎక్కువున్న నీటిలోంచి ముందు స్ట్రిప్పర్ ద్వారా ద్రావకాలను లాగేస్తారు. తరవాత దాన్ని వరస బాష్పీకరణ పాత్రల్లో మరిగించి, మిగిలిన చిక్కటి ద్రవాన్ని డ్రయ్యర్‌లో ఎండబెడితే ఉప్పు మిగులుతుంది. ఆవిరిని చల్లార్చిన నీటినీ తేలిక నీటినీ కలిపి సూక్ష్మజీవులతో శుద్ధి చేసి, ఆర్‌ఓ పొరల గుండా పంపి మళ్లీ ఫ్యాక్టరీలోనే వాడతారు. గేటు దాటి చుక్క కూడా బయటికి పోకుండా చూసే ఈ ఏర్పాటును ప్లాంట్లలో జెడ్ఎల్‌డీ అంటారు. ఖర్చంతా ఆవిరి కోసం కాల్చే ఇంధనంలోనూ కరెంటులోనూ ఉంటుంది. బాష్పీకరణ యంత్రం ఒక్కరోజు ఆగితే నిల్వ ట్యాంకులు నిండిపోతాయి. రాత్రివేళ, జోరు వానలో, ఎవరూ చూడనప్పుడు గెడ్డలోకి వదిలేయాలన్న దురాశ పుట్టేది సరిగ్గా అక్కడే. నియంత్రణ అంతా ఆ ఘడియ మీద కన్నేసి ఉండాలి.

నీటిని బయటికి వదిలే అనుమతి ఉన్నచోట కొలతలు వేరు. గెడ్డలు, నదుల వంటి లోతట్టు జలాల్లోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణాల ప్రకారం బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, రసాయనిక ఆక్సిజన్ అవసరాన్ని తెలిపే సీఓడీ 250, తేలియాడే ఘనపదార్థాలు 100 దాటకూడదు. పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. బీఓడీ అంటే నీటిలోని కుళ్లును సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి వాడుకునే ఆక్సిజన్. అది పెరిగితే చేపలకు ఊపిరాడదు. మందులు, చక్కెర, కాగితం, థర్మల్ విద్యుత్తు సహా 17 రకాల పరిశ్రమలు తమ పొగగొట్టాల దగ్గరా నీటి తూముల దగ్గరా నిరంతరం కొలిచే పరికరాలు పెట్టి, ఆ అంకెలు నేరుగా మండలి సర్వర్లకు చేరేలా చూడాలని కేంద్ర మండలి 2014 ఫిబ్రవరిలో ఆదేశించింది. పరికరం కొలిచేది తనకు కలిపిన గొట్టంలో పారే నీటినే. దొంగచాటుగా వేసిన మరో గొట్టం సంగతి దానికి తెలియదు. కాబట్టి గెడ్డలోకి దిగి నమూనా పట్టే అధికారి అవసరం ఎప్పటికీ తీరదు.

నాగావళి విషయంలో చిక్కు మరో రకం. కేంద్ర మండలి 2018లో దేశంలో 351 నదీభాగాలను కలుషితమైనవిగా గుర్తించింది. బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ జాబితాలో చేరినట్టే. ఆంధ్రప్రదేశ్ నుంచి గోదావరి, కృష్ణ, కుందు, తుంగభద్రలతో పాటు నాగావళి అందులో ఉంది. ఆ నది ఒడిశాలో పుట్టి రాయగడ మీదుగా వస్తుంది. రాయగడ దగ్గర పెద్ద కాగితపు మిల్లు ఉంది. దానికి షరతులు రాసే అధికారం ఒడిశా మండలిది, ఆంధ్ర అధికారి అక్కడ తనిఖీ చేయలేడు. ఇలాంటప్పుడు కేంద్ర మండలి మధ్యలో నిలబడాలి, లేదంటే హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అయితే నేరమంతా పైవాళ్లదే అనుకోవడం న్యాయం కాదు. దేశమంతటా నదులను చెడగొడుతున్న వాటిలో ముందుండేది శుద్ధి చేయని పట్టణ మురుగు. పురపాలక సంఘం తూము కూడా చట్టం ముందు ఫ్యాక్టరీ తూము లాంటిదే, దానికీ మండలి అనుమతి కావాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బును కూడా పరిశ్రమల కాలుష్యానికి ముడిపెట్టి మాట్లాడటం తరచు వినిపిస్తుంది. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఆ జబ్బుకు ఒకే కారణం అని ఏదీ తేలలేదు. పరిశ్రమలు అంతగా లేని కొబ్బరి, జీడి తోటల ఊళ్లలో అది ఎక్కువ.

గాలి విషయంలో ఈ జిల్లాల పరిశ్రమల తీరు దేనికదే వేరు. గరివిడిలో 1950లలోనే ఫెర్రో మాంగనీసు పరిశ్రమ మొదలైంది. చుట్టూ ఉన్న మాంగనీసు గనులే దానికి ఆధారం. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనూ ఇలాంటి కొలుములు ఉన్నాయి. వీటిలో లేచే సన్నటి ధూళిని హుడ్‌తో పట్టి గుడ్డ సంచుల ఫిల్టర్ల గుండా పంపాలి. పొగ గొట్టంలోంచి కాకుండా షెడ్డు కప్పులోంచి కమ్ముకొస్తోందంటే ఆ హుడ్ పని చేయట్లేదన్నమాట. టెక్కలి నీలి గ్రానైట్‌కు విదేశాల్లో పేరుంది. దాన్ని కోసి పాలిష్ పట్టినప్పుడు వచ్చే బురద ఎండితే పిండిలా ఎగురుతుంది. క్రషర్ల ధూళిలోని సిలికా కార్మికుల ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. క్రషర్ చుట్టూ గాలిని ఆపే గోడ, నీటి జల్లు, చెట్ల వరస ఉండాలన్నది నిబంధన. రైస్ మిల్లుల ఊక బూడిద పక్క ఇళ్ల మీద రాలకుండా చూడాలన్న షరతుకు కూడా మిల్లు అనుమతి పత్రంలో చోటుంది. ఇటుక బట్టీలను జిగ్‌జాగ్ పద్ధతికో నిలువు బట్టీకో మార్చాలని 2022 ఫిబ్రవరి 22న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది.

పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమది మెచ్చుకోదగిన మార్పు. పూర్వం జీడి పిక్కలను డ్రమ్ముల్లో వేసి కాల్చేవారు. పిక్క తొక్కలోని నూనె కాలితే వచ్చే పొగ కళ్లనూ గొంతునూ మండిస్తుంది. ఆ నూనె తగిలితే చర్మం పుండవుతుంది. ఇప్పుడు చాలా యూనిట్లు పిక్కలను ఆవిరిలో ఉడికిస్తున్నాయి. పొగ బాగా తగ్గింది. మిగిలిన తొక్కను బాయిలర్లో కాల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి.

పట్టణాల గాలికి 2009లో పెట్టిన జాతీయ ప్రమాణాలు వర్తిస్తాయి. పీఎం 10 అనే సన్నటి ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, అంతకన్నా సన్నటి పీఎం 2.5 అయితే 40 దాటకూడదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఉన్నాయి. వాటిలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ చేరాయి. పచ్చగా కనిపించే ఊళ్ల పేర్లు అందులో ఉండటం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. ఇలాంటి ఊళ్లలో ధూళి చాలావరకూ రోడ్డు మట్టి, భవన నిర్మాణం, వాహనాలు, తగలబెట్టిన చెత్త నుంచి వస్తుంది. ఆరుబయట చెత్త తగలబెడితే మామూలుగా 5,000, పెద్దఎత్తున అయితే 25,000 రూపాయల జరిమానా వేయాలని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది.

ఇక వ్యర్థాలు. ఫ్యాక్టరీలో మిగిలిన ప్రమాదకర వ్యర్థాన్ని 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. పైడిభీమవరం డ్రయ్యర్లలో మిగిలే ఉప్పు లాంటిది విశాఖ దాటి పరవాడలోని శుద్ధి, భూస్థాపన కేంద్రానికి లారీల్లో వెళ్లాలి. మండే గుణమున్న వ్యర్థాన్ని సిమెంటు కొలుముల్లో ఇంధనంగా వాడుకోవచ్చు. ప్రతి లారీతో ఏడు ప్రతుల పత్రం నడుస్తుంది. పంపినవాడు, తీసుకెళ్లినవాడు, అందుకున్నవాడు సంతకాలు పెట్టిన ప్రతులు మండలికి చేరతాయి. బయలుదేరిన బరువుకూ చేరిన బరువుకూ తేడా వస్తే దారిలో ఏ గోతిలోనో పారబోసినట్టు అనుమానించాలి. ఆస్పత్రులు తమ వ్యర్థాన్ని పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులుగా విడదీసి 48 గంటలలోపు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి అప్పగించాలి.

ఊరి చెత్తను ఇంట్లోనే తడి, పొడి, ప్రమాదకరం అని వేరు చేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. ఈ విషయంలో బొబ్బిలి పురపాలక సంఘం మార్గం చూపింది. ఇంటింటా విడివిడిగా సేకరించి, డంపింగ్ యార్డును చెట్లతో, కంపోస్టు తొట్లతో పార్కులా తీర్చిదిద్దింది. చూడటానికి ఇతర పట్టణాల వాళ్లు వచ్చేవారు. పంచాయతీల్లోనూ చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో వాహనాలు వచ్చాయి. దానితో పాటే వచ్చిన చెత్త పన్నును 2024లో ఎత్తేశారు. షెడ్డు కట్టడం ఒక్కసారి ఖర్చు. దాన్ని నడిపే పారిశుద్ధ్య కార్మికుల జీతం నెలనెలా ఉంటుంది. చాలా ఊళ్లలో షెడ్డు తాళం ఊడకపోవడానికి కారణం ఆ జీతానికి నిధి లేకపోవడమే.

నిబంధన తప్పిన పరిశ్రమను మండలి ముందు సంజాయిషీ అడుగుతుంది, తరవాత విచారణకు పిలుస్తుంది, ఆపైన మూసివేతకు ఆదేశిస్తుంది. జల చట్టం 33ఎ సెక్షన్ కింద కరెంటు, నీరు ఆపించవచ్చు. యజమానులను నిజంగా కదిలించేది ఈ కరెంటు కోతే. కోర్టుకు ఎక్కితే మాత్రం నమూనా పట్టిన తీరే కేసుకు ప్రాణం. యజమానికి నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, ఇరువైపులా సంతకాలతో సీలు వేసి ప్రయోగశాలకు పంపాలి. ఆ క్రమం తప్పితే అది సాక్ష్యంగా నిలవదు. వాయు, పర్యావరణ చట్టాల్లో చాలా తప్పులకు జైలుశిక్ష తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకూ జరిమానాలు పెట్టిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. జరిగిన నష్టానికి పరిహారం వసూలు చేసే అధికారం మండళ్లకు ఉందని 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంత పని చేయవలసిన యంత్రాంగం మాత్రం చిన్నది. చాలాకాలం రెండు జిల్లాలకూ విజయనగరంలోని ప్రాంతీయ కార్యాలయమే దిక్కు. ఇచ్ఛాపురం దగ్గర గెడ్డలో చేపలు తేలాయని కబురొస్తే అధికారి దాదాపు 200 కిలోమీటర్లు రావలసి వచ్చేది. ఆయన వచ్చేసరికి మలిననీరు సముద్రంలో కలిసిపోయి ఉండేది. అందుకే ఊరివాళ్లకు చట్టం ఇచ్చిన హక్కులు ఇక్కడ అందరికన్నా ఎక్కువ అక్కరకొస్తాయి. వాటి గురించి తెలిసినవారు మాత్రం తక్కువ. ఫ్యాక్టరీలకు విధించిన షరతులన్నీ ఒక రిజిస్టరులో రాసి ఉంచాలని జల చట్టం 25వ సెక్షన్ మండలిని ఆదేశిస్తుంది. ఆ తూము నీటి వల్ల నష్టపడేవారు ఎవరైనా పనివేళల్లో వెళ్లి దాన్ని చూడవచ్చు. వాయు చట్టంలోనూ ఇలాంటి రిజిస్టరే ఉంది. పత్రంలో గేటు దాటి చుక్క పోకూడదని ఉండి, గోడ కింద గొట్టం కారుతుంటే ఫిర్యాదుకు అంతకన్నా బలం అక్కర్లేదు. మండలి కదలకపోతే, 60 రోజుల నోటీసు ఇచ్చి ఎవరైనా స్వయంగా మేజిస్ట్రేటు కోర్టులో కేసు వేయవచ్చు. అప్పుడు తన దగ్గరున్న నివేదికలను ఫిర్యాదుదారుకు ఇవ్వవలసిన బాధ్యత మండలిది. హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. పర్యావరణ అనుమతి మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి, మరో 60 రోజుల ఆలస్యాన్ని తగిన కారణం ఉంటే మన్నిస్తారు. మామూలు వివాదానికి గడువు ఆరు నెలలు. పొలానికో, ఆరోగ్యానికో, చేపల వేటకో జరిగిన నష్టానికి పరిహారం కోరడానికి ఐదేళ్లు.